బాల్టిక్ అవెన్యూ అద్దె నాలుగు డాలర్లే ఎందుకు?



ఈసారి పోస్టు ఒక ఆట గురించి. ఆట మీద ఇంత పొడుగు రాతలేంటి అని తిట్టుకోకండి, ఇది భూమి కథే.

మన హాస్టళ్ళలో 'బిజినెస్' ఆట తెలియనివాళ్ళు ఉండరు. నలుచదరం బోర్డు, చుట్టూ ఊళ్ళ పేర్లు, రంగు రంగుల ఆట నోట్లు. డైస్ వేసి తిరగడం, ఆగిన ఊరు కొనడం, మన ఊళ్ళో ఇంకొకడు ఆగితే అద్దె గుంజడం. దీనికి తల్లి ఆట అమెరికాలో పుట్టిన మోనోపోలీ. మా దగ్గరున్న బిజినెస్ బోర్డు మడతల దగ్గర చిరిగిపోయింది. కొత్తది కొనే బదులు అసలు మోనోపోలీ బోర్డునే చార్ట్ పేపర్ మీద గీసుకుందాం అనుకున్నాం. నలభై గడులు గీశాం. ఇళ్ళకి 32 చింతపిక్కలు, హోటళ్ళకి 12 సోడా మూతలు లెక్కపెట్టి పెట్టుకున్నాం. సరిగ్గా అన్నే ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది.

గడుల్లో రేట్లు రాస్తుంటే ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, బాల్టిక్ అవెన్యూకి అరవై, బోర్డ్‌వాక్‌కి నాలుగొందలు. బాల్టిక్ అద్దె నాలుగు, బోర్డ్‌వాక్ అద్దె యాభై. ఈ రేట్లు ఎవరేశారు?"

మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఊరికే ఏదో వేసుంటారు లే అన్నాం. తర్వాత వెతికి చదివితే, ఊరికే వేసిన రేట్లు కావని తెలిసింది.

ముందు ఆట సంగతి చెప్తాం, ఎందుకంటే గెలవాలనే చాలామంది ఇది చదువుతారు.

కొత్తగా ఆడేవాళ్ళ కన్ను బోర్డ్‌వాక్ మీదే. ముదురు నీలం సెట్టు, రెండే గడులు. పార్క్ ప్లేస్ 350, బోర్డ్‌వాక్ 400. హోటల్ కడితే బోర్డ్‌వాక్ అద్దె 2000 డాలర్లు, ఒక్క దెబ్బకి ఎదుటివాడు దివాలా. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ కొని ఒక్కోదాంట్లో మూడేసి ఇళ్ళు కట్టాలంటే 1950 కావాలి. ఆట మొదట్లో మన చేతిలో పెట్టేది 1500. పోనీ తంటాలు పడి కట్టినా జనం అక్కడ ఆగాలి కదా. రెండు డైస్ వేస్తే 36 రకాలుగా పడొచ్చు, అందులో ఏడు పడే రకాలు ఆరు, అన్నిటికంటే ఎక్కువ. అంటే మన గడికి ఏడు గడుల వెనక ఎవరైనా నిలబడి ఉంటే మనకి గిరాకీ. పార్క్ ప్లేస్‌కి ఏడు గడుల వెనక ఏముందో లెక్కపెట్టండి. 'జైలుకి పో' గడి. అక్కడ పడినవాడు అక్కడ ఉండడు, తిన్నగా జైలుకి పోతాడు. పార్క్ ప్లేస్ మీద తక్కువమంది పడటానికి అదొక పెద్ద కారణం. ధర చూసి మోసపోయేది మన లాంటి వాళ్ళమే.

గెలిపించేది నారింజ సెట్టు. సెయింట్ జేమ్స్ ప్లేస్, టెన్నెసీ అవెన్యూ, న్యూయార్క్ అవెన్యూ. కారణం జైలు. బోర్డు మీద జనం ఎక్కువగా తేలే చోటు జైలే. 'జైలుకి పో' గడి మీద పడినా, ఛాన్స్ కార్డు పంపినా, కమ్యూనిటీ చెస్ట్ కార్డు పంపినా, వరసగా మూడు డబుల్స్ వేసినా అక్కడికే. బయటికొచ్చినవాడికి ఆరో గడి, ఎనిమిదో గడి, తొమ్మిదో గడి నారింజవే. యాభై కట్టి బయటికొచ్చి డైస్ వేస్తే 36 లో 14 పాళ్ళు ఆ మూడిట్లో ఏదో ఒకదాని మీద పడతాడు. ఎరుపు సెట్టు మధ్యలో ఉన్న ఛాన్స్ గడిలో 'మూడు గడులు వెనక్కి' కార్డు వచ్చినా చేరేది న్యూయార్క్ అవెన్యూకే.

న్యూయార్క్ అవెన్యూ అద్దెలు చూడండి. ఖాళీ జాగాకి 16, ఒక ఇల్లుంటే 80, రెండుంటే 220, మూడుంటే 600, నాలుగుంటే 800, హోటల్ ఉంటే 1000. రెండో ఇంటి నుంచి మూడో ఇంటికి 380 పెరిగింది, మూడు నుంచి నాలుగుకి 200 మాత్రమే. ఇక్కడ ఒక్కో ఇంటి ఖర్చు 100. అందుకే ఆరితేరినవాళ్ళు మొదట సెట్టు మొత్తం మూడేసి ఇళ్ళకి తెచ్చి చూస్తారు. మూడు గడులు కొని మూడేసి ఇళ్ళు కట్టడానికి 1460. బోర్డ్‌వాక్ సెట్టుతో పోల్చుకోండి.

ఇప్పుడు చింతపిక్కల సంగతి. పెట్టెలో ఇళ్ళు 32 మాత్రమే, అయిపోతే అయిపోయినట్టే అని అసలు రూల్. కాగితం ముక్కలు పెట్టి సరిపెట్టుకోకూడదు. రెండు సెట్లలో ఆరు గడుల మీద నాలుగేసి ఇళ్ళు పెట్టి, హోటల్‌కి మార్చకుండా కూర్చుంటే 24 ఇళ్ళు మన చేతిలో ఉంటాయి. మిగిలినవాళ్ళందరికీ ఎనిమిదే. వాళ్ళ దగ్గర డబ్బున్నా, జాగా ఉన్నా కట్టుకోలేరు. మేము మొదటిసారి ఇలా ఆడినప్పుడు గొడవైంది, ఇది అన్యాయం అని. రూల్ పుస్తకంలో మాత్రం తప్పు లేదు.

ఇంకో రూల్ కూడా మాకు నవ్వు తెప్పించింది. జైల్లో ఉన్నవాడికి కూడా అద్దె వస్తూనే ఉంటుంది. బోర్డంతా ఇళ్ళు లేచాక ఆస్తి ఉన్నవాడికి జైలే సుఖం. బయట తిరిగితే అద్దెలు కట్టాలి, లోపల కూర్చుంటే వసూలు మాత్రమే.

ఇక తమ్ముడి ప్రశ్నకి వద్దాం.

బోర్డు మీదున్న వీధులు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీవి. సముద్రం ఒడ్డున ఆబ్సికన్ అనే దీవి మీద ఉన్న ఊరు. ఆ పేరు అక్కడి ఆదివాసులైన లెనాపే జనం మాట నుంచి వచ్చింది. వాళ్ళు ఎండాకాలంలో ఆ ఒడ్డుకి వచ్చి ఉండేవాళ్ళు. 1850ల్లో రైల్వే కంపెనీ వచ్చింది, ఇంజనీరు ప్లాను గీశాడు. సముద్రానికి అడ్డంగా పోయే వీధులకి అమెరికా రాష్ట్రాల పేర్లు, సముద్రం వెంబడి పోయే వీధులకి సముద్రాల పేర్లు పెట్టారు. బాల్టిక్, మెడిటరేనియన్, పసిఫిక్ అలా వచ్చినవే. 1854లో రైలు నడిచింది. 1870లో ఒడ్డు వెంట చెక్క బల్లలతో నడక దారి వేశారు. అదే బోర్డ్‌వాక్. లెనాపే జనాన్ని అంతకు చాలా ముందే అక్కణ్ణుంచి పడమటికి నెట్టేశారు.

మోనోపోలీలో ఆట మొదలయ్యేసరికి భూమంతా బ్యాంకుది. బ్యాంకుకి ఎలా వచ్చింది అని ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు. మేమూ ఇన్నేళ్ళు ఆడి ఎప్పుడూ అడగలేదు, అది వేరే సంగతి.

1930 ప్రాంతంలో ఆ ఊళ్ళో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ఇంట్లో గీసుకున్న బోర్డుల మీద ఈ ఆట ఆడేవాళ్ళు. ఆట వాళ్ళకి వేరే చోటు నుంచి వచ్చింది. వాళ్ళు దాంట్లోకి తమ ఊరి వీధుల పేర్లు ఎక్కించారు. తాము ఉండే వీధి, స్నేహితులు ఉండే వీధి, అలా. అంతకుముందు గడి మీద ఆగితే దాన్ని వేలం వేసేవాళ్ళు. వీళ్ళలో జెస్సీ రైఫోర్డ్ అనే ఆయన ఇళ్ళ స్థలాల వ్యాపారి. ఏ వీధిలో జాగా ఎంత పలుకుతుందో ఆయనకి తెలుసు. ఆ లెక్కన గడుల మీద ధరలు రాసేశాడు. తమ్ముడూ, రేట్లు వేసింది ఈయనే.

ఆ రేట్లలో ఊరి మనుషులు కనిపిస్తారు. ఆ కాలంలో అట్లాంటిక్ సిటీ హోటళ్ళు నడిచింది నల్లజాతి పనివాళ్ళ చేతుల మీద. వంట, బట్టలు ఉతకడం, సామాన్లు మోయడం, చక్రాల కుర్చీల్లో టూరిస్టులని బోర్డ్‌వాక్ మీద తోసుకెళ్ళడం, అన్నీ వాళ్ళే. కానీ వాళ్ళు ఆ హోటళ్ళలో దిగడానికి లేదు. సముద్రంలో స్నానానికి కూడా వాళ్ళకి వేరే ఒడ్డు, మిస్సోరీ అవెన్యూ దగ్గర. నివాసం ఊరి ఉత్తర భాగంలో, నార్త్‌సైడ్‌లో. బాల్టిక్, మెడిటరేనియన్ అవెన్యూలు ఆ నార్త్‌సైడ్ గుండా పోతాయి. ఆట ఆడిన క్వేకర్ కుటుంబాల్లో ఒకరు పెన్సిల్వేనియా అవెన్యూలో ఉండేవాళ్ళు. బోర్డు మీద అది 320 డాలర్ల ఆకుపచ్చ గడి. వాళ్ళింట్లో పనిచేసే ఆమె బాల్టిక్ అవెన్యూలో ఉండేది. 60 డాలర్లు, అద్దె నాలుగు. యజమాని వీధి, పనామె వీధి రెండూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. మనం చిన్నప్పటి నుంచి ఆ తేడాని రంగుల తేడా అనుకుని ఆడాం. (బాల్టిక్ మీద హోటల్ కడితే 450 వస్తుంది, కట్టే ఖర్చు 250. పెట్టుబడికి ఇది అంత చెడ్డ గడేం కాదు. ఎవరూ ఖాతరు చేయరు అంతే.)

1970ల మొదట్లో ఆ ఊరి అధికారులు బాల్టిక్, మెడిటరేనియన్ పేర్లు మార్చాలనుకుంటే దేశమంతా ఆట అభిమానులు గోల చేసి ఆపించారు. వీధిలో ఉన్న జనం ఎలా బతుకుతున్నారో మాత్రం ఆ గోలలో ఎవరూ అడిగినట్టు లేదు. ఎరుపు సెట్టులోని ఇల్లినాయ్ అవెన్యూ పేరు మాత్రం తర్వాత మారింది, ఇప్పుడు అది మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద ఉంది. ఆటలో జనం ఎక్కువసార్లు ఆగే వీధి అదే. నేరుగా అక్కడికి పంపే ఛాన్స్ కార్డు కూడా ఒకటుంది. బోర్డు మీద ఇంకా ఇల్లినాయ్ అనే ఉంటుంది.

క్వేకర్లకి ఆట వేరే చోటు నుంచి వచ్చిందన్నాం కదా. దాన్ని కనిపెట్టింది ఎలిజబెత్ మాగీ అనే ఆడమనిషి. లిజీ మాగీ అంటారు. (నూడుల్స్ మాగీ కాదు.) 1866లో పుట్టింది. వాషింగ్టన్‌లో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. హెన్రీ జార్జ్ అనే ఆయన 1879లో 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' అని పుస్తకం రాశాడు. భూమిని ఎవరూ తయారు చేయలేదు, ఊరు పెరిగితే జాగా విలువ పెరుగుతుంది, ఆ పెరిగిన విలువ చేతులు కట్టుకుని కూర్చున్న భూస్వామికి పోవడం తప్పు, దాన్ని పన్నుగా తీసుకుని అందరికీ ఖర్చు పెట్టాలి అని ఆయన వాదన. మాగీ ఆ వాదన నమ్మిన మనిషి. ఉపన్యాసం చెప్తే ఎవరు వింటారు, ఆటగా చేద్దాం అనుకుంది. 1903లో పేటెంట్‌కి పెట్టింది, 1904 జనవరిలో వచ్చింది. ఆట పేరు ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్, అంటే భూస్వామి ఆట.

ఆ మొదటి బోర్డు బొమ్మ చూస్తే మాకు ఒళ్ళు జలదరించింది. ఒక మూల గడిలో తల్లి భూమి మీద చేసే శ్రమే కూలి ఇస్తుంది అనే అర్థం వచ్చే మాటలు. ఆ గడి దాటిన ప్రతిసారీ 100 డాలర్లు. మోనోపోలీలో 'గో' దాటితే వచ్చే 200 దాని వారసత్వమే. కానీ శ్రమ అన్న మాట, తల్లి భూమి అన్న మాట ఎగిరిపోయాయి, ఉత్త బాణం గుర్తు మిగిలింది. ఇంకో మూల అందరి పార్కు, దాని పక్కనే దిక్కులేనివాళ్ళ ఇల్లు. మోనోపోలీలో ఆ మూల ఫ్రీ పార్కింగ్ అయింది. ఇంకో గడి మీద 'లోపలికి రాకూడదు, వస్తే జైలు' అని ఉంటుంది. ఆ జాగా యజమాని లండన్‌లో ఉండే లార్డ్ బ్లూబ్లడ్ అనే కల్పిత దొర. ఎక్కడో సముద్రం అవతల ఉన్న మనిషి పేరు మీద జాగా, అందులో కాలు పెట్టినందుకు ఇక్కడివాడికి జైలు. అడవిలో కట్టెలకి పోయి బోర్డులు చూసినవాళ్ళకి ఈ గడి వివరించక్కర్లేదు.

ఈ మాగీ మామూలు మనిషి కాదు. 1906లో, స్టెనోగ్రాఫర్ జీతంతో ఆడది ఒంటరిగా బతకలేని పరిస్థితి మీద కోపంతో, తనని తానే వేలానికి పెట్టుకుంటూ పత్రికలో ప్రకటన ఇచ్చింది. అమెరికా అంతా గోలైంది. అదే ఏడాది ఆట అచ్చయింది. డెలావేర్‌లో హెన్రీ జార్జ్ అభిమానులు కట్టుకున్న ఆర్డెన్ అనే ఊళ్ళో, తర్వాత కాలేజీల్లో, చేతితో గీసిన బోర్డుల మీద ఆట చేతులు మారుతూ తిరిగింది. మేము చార్ట్ పేపర్ మీద గీసుకున్నట్టే. అలా తిరిగి తిరిగే అట్లాంటిక్ సిటీ చేరింది.

అక్కణ్ణుంచి 1932లో చార్లెస్ టాడ్ అనే ఆయన ఫిలడెల్ఫియాలో చార్లెస్ డారో దంపతులకి ఆట నేర్పించాడు. డారోకి అప్పుడు ఉద్యోగం లేదు. రూల్స్ రాసిమ్మని అడిగి తీసుకుని, బోర్డులు తయారు చేసి సొంత ఆటగా అమ్మడం మొదలుపెట్టాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ కొనుక్కుంది. ఉద్యోగం పోయిన పేదవాడు ఇంట్లో కూర్చుని కనిపెట్టిన ఆట అని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. డారో కోటీశ్వరుడయ్యాడు.

దొంగతనాన్ని ఒక అక్షరం పట్టించింది. బోర్డు మీద పసుపు సెట్టులో మార్విన్ గార్డెన్స్ అని ఉంటుంది. అసలు ఊళ్ళో ఆ పేరు లేదు. పక్కనున్న మార్గేట్, వెంట్నర్ ఊళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి మార్వెన్ గార్డెన్స్ అని ఒక కాలనీ ఉంది. టాడ్ తన బోర్డు మీద స్పెల్లింగ్ తప్పు రాసుకున్నాడు. డారో బోర్డు మీద అదే తప్పు. కంపెనీ బోర్డు మీదా అదే తప్పు. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాస్తే పక్కవాడి తప్పు కూడా వస్తుంది కదా. 1995లో కంపెనీ ఆ కాలనీవాళ్ళకి స్పెల్లింగ్ తప్పుకి సారీ చెప్పింది. స్పెల్లింగ్‌కి మాత్రమే.

మాగీ పేటెంట్ అడ్డొస్తుందని 1935లో కంపెనీ ఆమె దగ్గర దాన్ని 500 డాలర్లకి కొనేసింది. రాయల్టీ లేదు. తన ఆలోచన ఇప్పుడు ఇంటింటికీ పోతుందని ఆమె ముందు సంతోషపడింది. తర్వాత విషయం అర్థమై 1936 జనవరిలో వాషింగ్టన్ పత్రికలకి తన పాత బోర్డులు చూపించి మాట్లాడింది. పెద్దగా ఫలితం లేదు. 1940 జనాభా లెక్కల్లో వృత్తి 'ఆటల తయారీ' అనీ, ఆదాయం సున్నా అనీ ఉంది. 1948లో చనిపోయింది. రాల్ఫ్ యాన్స్‌పాక్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ 1973లో యాంటీ మోనోపోలీ అని ఆట తెస్తే పేరు మీద కంపెనీతో కోర్టు గొడవైంది. ఆ గొడవలో ఆయన తవ్వితేనే ఈ కథంతా బయటపడింది. 1977లో ఆయన ఆట పెట్టెలు దాదాపు 40,000 మిన్నెసోటా రాష్ట్రంలో చెత్త డంపులో పూడ్చిపెట్టారు. 1983లో సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలు విననంది, ఆయన నిలబడ్డాడు.

డబ్బు పోవడం కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మాగీ ఆటని రెండు రకాల రూల్స్‌తో ఆడొచ్చు. ఒకటి ఇప్పుడు మనం ఆడేది. రెండో దాంట్లో జాగా అద్దె యజమానికి పోదు, అందరి ఖజానాకి పోతుంది. ఖజానా నిండేకొద్దీ సౌకర్యాలు ఉచితం అవుతాయి. అందరికంటే తక్కువ డబ్బుతో మొదలైనవాడి డబ్బు రెట్టింపు అయినప్పుడు ఆట అయిపోతుంది, అందరూ గెలిచినట్టు. రెండూ ఆడి చూసి తేడా తెలుసుకోండి అని ఆమె ఉద్దేశం. డబ్బాలో పెట్టి అమ్మింది మొదటి రకమే.

మాలో పెద్ద చర్చ జరిగింది ఇక్కడే. రూల్స్ మారిస్తే అదే బోర్డు, అదే డైస్, ఇంకో ఆట అవుతుంది. మనకి 1/70 ఉంది కదా, 1959 రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి బదిలీ చేస్తే చెల్లదు. డబ్బున్నంత మాత్రాన కొనలేని గడి అన్నమాట. మా బ్యాచ్‌లో ఒకడు అడిగాడు, అలాంటి గడి బోర్డు మీద ఉంటే ఆట ఎలా ఉంటుంది అని. ఇంకొకడు వెంటనే, కాగితం మీద ఉంటే సరిపోదురా, బినామీ పేరుతో కొంటాడు, తాకట్టు అంటాడు, అన్నాడు. వాళ్ళ ఇంట్లో జరిగినదే చెప్తున్నాడని మాకు తెలుసు, ఎవరూ మాట్లాడలేదు.

పోయిన ఆదివారం రెండో రూల్స్‌తో ఆడి చూశాం, ఆరుగురం. కొన్ని రూల్స్ మేమే సర్దుకున్నాం. అందరికంటే తక్కువ డబ్బు ఆ అడిగిన తమ్ముడికే ఇచ్చాం. గంటన్నరలో వాడి డబ్బు రెట్టింపైంది, ఆట అయిపోయింది. ఎవరూ దివాలా తీయలేదు, ఎవరూ అలిగి లేచిపోలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరికి బోర్ కొట్టింది, మొదటి రూల్స్‌తో ఇంకో ఆట వేద్దామన్నారు. వేశాం. తమ్ముడు వచ్చీ రాగానే బాల్టిక్ అవెన్యూ కొన్నాడు, ఎందుకు కొన్నావంటే నవ్వాడు. నలభై నిమిషాల్లో అందరికంటే ముందు దివాలా తీశాడు. చార్ట్ మీద బాల్టిక్ గడి దగ్గర పెన్సిల్‌తో ఏదో రాశాడు, చూడనివ్వడం లేదు.